పన్నెండేళ్ళు దాటిన పిల్లల కోసం

ఈ పుస్తకం అడిగే ప్రశ్న ఒక్కటే. ఎనిమిదేళ్ళప్పుడు రోజూ సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తుకొచ్చి బొమ్మల పుస్తకం నాకంటే నాకని పోట్లాడిన పిల్ల, పదమూడో ఏడు వచ్చేసరికి ఎందుకు రావడం మానేసింది?

మన ఊళ్ళలో ఏ శాఖా గ్రంథాలయానికైనా సాయంత్రం ఐదింటికి వెళ్ళి చూడండి. ఒక మూల పొట్టి బల్లల దగ్గర చిన్న తరగతుల పిల్లలు ఉంటారు. గుమ్మంలో పేపర్ల బల్ల చుట్టూ రిటైరైన పెద్దమనుషులు ఉంటారు. లోపలి హాల్లో గ్రూప్స్‌కి, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకి చదివేవాళ్ళు టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని సొంత మెటీరియల్ ముందేసుకుని కూర్చుంటారు. ఏడేళ్ళవాళ్ళున్నారు, డెబ్బై ఏళ్ళవాళ్ళున్నారు, ఇరవై నాలుగేళ్ళవాళ్ళున్నారు. పద్నాలుగేళ్ళవాళ్ళు మాత్రం లేరు. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్న ఈడు పిల్లలు మన గ్రంథాలయాల్లో కంటికి కనిపించరు. ఇరవై దాటాక మళ్ళీ వస్తారు, కానీ అప్పుడు వచ్చేది పుస్తకం కోసం కాదు. కుర్చీ కోసం, ఫ్యాను కోసం, సద్దులేని చోటు కోసం. రెండు మూడేళ్ళు అదే హాల్లో కూర్చుని, బీరువాలోంచి ఒక్క పుస్తకమైనా తీయకుండా, ఉద్యోగం తెచ్చుకుని మిఠాయి పంచి వెళ్ళినవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళను తప్పు పట్టను. ఆ పుస్తకాలతో వాళ్ళ పరిచయం తెగిపోయి అప్పటికే పదేళ్ళయింది.

గ్రంథపాలకుడిగా ఉద్యోగ జీవితమంతా శాఖా గ్రంథాలయాల్లోనే గడిపిన నాకు ఈ ఖాళీ కొత్త సంగతి కాదు. కానీ దాని గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మేమంతా పిల్లల మీదో, సెల్‌ఫోన్ల మీదో, కార్పొరేట్ చదువుల మీదో నెపం వేసి ఊరుకునేవాళ్ళం. ఈ పుస్తకం రాసిన అమ్మాయి అలా ఊరుకోలేదు. భవన నిర్మాణం చదువుకున్న మనిషి కాబట్టి ఆమె చూపు ముందు గోడల మీద పడింది, తలుపుల మీద పడింది, బల్ల ఎత్తు మీద, వీధి దీపం మీద, మరుగుదొడ్డి గడియ మీద పడింది. పిల్లలు ఎందుకు పోయారో ఆ గదుల్నే అడిగి తెలుసుకుంది. ఆ తర్వాత 150 గజాల జాగాలో, మామూలు పేటలో, మామూలు డబ్బుతో, ఐదేళ్ళ పిల్లవాడు ఇరవై ఐదేళ్ళవాడయ్యేదాకా వదలకుండా వచ్చే గ్రంథాలయం ఎలా కట్టవచ్చో గీసి చూపింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది గుమ్మం మీద రాసిన అధ్యాయం. మన శాఖా గ్రంథాలయాలు చాలావాటిలో లోపలికి అడుగుపెట్టగానే పేపర్ల బల్ల ఉంటుంది. దాన్ని దాటితేగాని పుస్తకాల దాకా పోలేం. పేపరు చదివేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, వాళ్ళలో ఆ పిల్లకు తాత వరసైనవాళ్ళూ ఉండవచ్చు. అయినా పన్నెండు మంది మగవాళ్ళు తలెత్తి చూస్తుండగా లోపలికి నడవడం ఎనిమిదేళ్ళ పిల్లకు ఏమీ కాదు, పదమూడేళ్ళ పిల్లకు రోజూ ఒక పరీక్ష. ఆ పరీక్షకు మొదట వారానికి రెండుసార్లు నిలబడుతుంది, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత తమ్ముణ్ణి పంపుతుంది. తమ్ముడు తనకిష్టమైన పుస్తకం తెచ్చుకుంటాడు. అంతటితో అయిపోతుంది. దీనికి ఈ రచయిత్రి చెప్పిన ఉపాయం పెద్ద ఖర్చు లేనిది. పేపర్ల బల్లను పక్క వరండాలోకి మార్చి, దానికి వేరే మెట్లు పెట్టమంటుంది. పెద్దమనుషులకు గాలీ వెలుతురూ ఇంకాస్త దక్కుతాయి. గుమ్మం నేరుగా పుస్తకాల దగ్గరికి తెరుచుకుంటుంది.

అదే అధ్యాయంలో మరుగుదొడ్డి గురించి మూడు పేజీలు ఉన్నాయి. గ్రంథాలయాల మీద రాసే పుస్తకంలో అన్ని పేజీలా అని ముక్కు విరిచేవాళ్ళు ఉంటారు. ఇంకో మూడు పేజీలు రాసినా నేను సంతోషంగా చదివేవాణ్ణి. లోపలి నుంచి పడే గడియ, నీళ్ళు, మూత ఉన్న చెత్తబుట్ట, తలుపు హాల్లోకి కాకుండా పక్క సందులోకి తెరుచుకోవడం: ఈ నాలుగూ లేని చోట అమ్మాయి రెండు గంటలు కూర్చోదు. రెండు గంటలు కూర్చోని మనిషి నవల మొదలుపెట్టదు. చదువరుల సంఖ్య తగ్గిందని సమీక్షా సమావేశాల్లో బాధపడేవాళ్ళు ముందుగా చూడవలసిన లెక్క ఇది. వీధి మలుపు దాకా దీపం ఉందా లేదా అన్నది కూడా గ్రంథాలయం పనే అని ఆమె రాసిన మాటకు రెండు చేతులా ఒప్పుకుంటున్నాను. చలికాలం ఆరింటికే చీకటి పడుతుంది. ఏడింటిదాకా తెరిచే ఉంటుందని బోర్డు మీద రాస్తే చాలదు, ఏడింటికి ఆ పిల్ల ఇంటికి భయం లేకుండా చేరాలి.

బీరువా తాళాల సంగతి నా గుండెకు దగ్గరది. 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రపు ఐదు సూత్రాలు అచ్చువేశారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాఠకులు తామే నడిచి వెళ్ళి పుస్తకం తీసుకునే పద్ధతి పెట్టినవాడు ఆయన. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన శాఖల్లో అద్దాల బీరువాలకు తాళాలు వేలాడుతున్నాయి. కారణం గ్రంథపాలకుడి లోభం కాదు, భయం. పుస్తకం పోతే ఆడిట్‌లో రాస్తారు, జీతంలోంచి కోస్తారు అన్న భయం. నిజానికి 2017 నాటి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళిలోనే దీనికి మందు ఉంది. ఏడాదిలో ఇచ్చిన, తీసి చూసిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోవడం సహజమేననీ, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే దాన్ని తప్పుగా లెక్కించనక్కర్లేదనీ ఆ నియమం చెబుతుంది. అది కేంద్ర ప్రభుత్వ గ్రంథాలయాలకు రాసిన నియమం. అలాంటి భరోసా పేట గ్రంథాలయం నడిపే మనిషికి కూడా కాగితం మీద ఇస్తే తాళాలు వాటంతటవే ఊడతాయి. పదిహేనేళ్ళ కుర్రవాడు ఏ పుస్తకం కావాలో నోటితో అడగడు. అడగడానికి సిగ్గు, చాలాసార్లు ఏది కావాలో తనకే తెలియదు. వేలితో వెన్నులు తడుముకుంటూ పోతుంటే ఒకచోట ఆగుతాడు. తాళం ఉన్నచోట ఆ ఆగడం జరగదు.

అలమరల అమరిక మీద రచయిత్రి వేసిన పథకం చూసి చాలాసేపు ఆనందించాను. గదిని గళ్ళుగా కోసి ఒకచోట బాలల విభాగం, ఒకచోట పెద్దల విభాగం అని బోర్డులు పెట్టవద్దంటుంది. బాలల విభాగం అని రాసి ఉన్న బోర్డు కింద పదమూడేళ్ళవాడు నిలబడడు. తోటివాళ్ళు చూస్తే పరువు పోతుంది. పెద్దల బీరువా దగ్గరికి పోతే ఇక్కడ నీకేం పని అంటారు. అందుకని గుమ్మం పక్క నుంచి మొదలై గోడ పొడుగునా ఒకటే వరుస: మొదట 3 అడుగుల ఎత్తు, బొమ్మల పుస్తకాలు అట్ట కనిపించేలా నిలబెట్టి, మెల్లగా 4 అడుగులు, 5 అడుగులు, కిటికీ దాటి మలుపు తిరిగేసరికి 6 అడుగులు. బల్లలు కూడా 22 అంగుళాల నుంచి 30 అంగుళాలకు అలాగే పెరుగుతాయి. ఏ వయసు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పరు. పిల్లవాడు ఏటేటా రెండడుగులు ముందుకు జరుగుతాడు, అంతే. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అని రంగనాథన్ ఐదో సూత్రం. పుస్తకాలు పెరగడం, గదులు పెరగడం అని మేము దాన్ని పాఠంగా చదువుకున్నాం. మనిషి పెరుగుదలను గోడ మీద అలమరలతో గీసి చూపవచ్చని ఈ పుస్తకం చదివాకే నాకు తట్టింది.

వరుస మధ్యలో, కిటికీ దగ్గర, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళవాళ్ళకు ఒక పెద్ద బల్ల. ఎనిమిది కుర్చీలు. అక్కడ మాట్లాడుకోవచ్చు. నిశ్శబ్దం పాటించండి అన్న అట్టముక్క ఆ బల్ల పైన ఉండదు. మన వృత్తిలో చాలామందికి ఇది మింగుడుపడదని తెలుసు. కానీ ఆ వయసులో చదవడం అంటే సగం చదివినది ఇంకొకరికి చెప్పడమే. కథ ఎలా ముగిసిందో చెప్పేస్తానని ఒకరు, చెప్పావంటే చంపుతానని ఇంకొకరు. ఆ రెండు మాటలూ వినబడని గ్రంథాలయంలో నవలలు కదలవు. బల్ల చోటు కూడా ఆలోచించి పెట్టింది: గ్రంథపాలకుడి కుర్చీలోంచి అందరి ముఖాలూ కనబడాలి, మాటలు మాత్రం వినబడనక్కర్లేదు. తల్లిదండ్రుల నమ్మకం, పిల్లల స్వేచ్ఛ రెండూ అందులో ఉన్నాయి.

ఇక్కడ రచయిత్రితో నాకు ఒక పేచీ ఉంది. ఆ బల్ల పక్క అలమరలో ఏ పుస్తకాలు ఉండాలన్నది పుస్తకాల ఎంపిక సంఘానికి వదిలేసింది. వదలకూడదు. బల్ల బాగుండి అలమర ఖాళీగా ఉంటే పిల్లలు మూడో వారం రారు. తెలుగులో చిన్నపిల్లల పుస్తకాలు కొంత మెరుగైన కాలం ఇది. మంచి పుస్తకం ప్రచురణలు, ప్రథమ్ బుక్స్ వంటివి ఉన్నాయి. పెద్దల సాహిత్యానికి కొదవ లేదు. నడిమి వయసుకే కరువు. అయినా వెతికితే లేకపోలేదు. నండూరి రామమోహనరావు గారు మార్క్ ట్వేన్‌ని తెనిగించిన తీరు, స్టీవెన్సన్‌ని కాంచన ద్వీపంగా మార్చిన తీరు ఆ వయసు కోసమే పుట్టినట్టుంటాయి. ఆయన విశ్వరూపం, నరావతారం చదివి నక్షత్రాల వైపు, మనిషి పుట్టుక వైపు తలతిప్పిన పిల్లలు నాకు తెలుసు. మహీధర నళినీమోహన్ గారి విజ్ఞాన పుస్తకాలు ఉన్నాయి. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు, నామిని పచ్చనాకు సాక్షిగా ఉన్నాయి. తమ ఇంటివంటి ఇల్లు, తమ అమ్మవంటి అమ్మ అచ్చులో కనిపిస్తే ఆ వయసువాళ్ళకు కలిగే విస్మయం మరి దేనివల్లా కలగదు. టోటోచాన్ తెలుగులో రైలుబడి అయింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు కూడా పెట్టాలంటాను. ముఖం చిట్లించేవాళ్ళు చిట్లించనీ. చేత్తో పుస్తకం పట్టుకుని రాత్రి పన్నెండు దాకా మేలుకునే అలవాటు ముందు పడాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్లవాడి ఆలోచన పదమూడేళ్ళది, తెలుగు చదివే వేగం ఎనిమిదేళ్ళది. వాడికి కాకీ నక్కా కథ ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు, కొడవటిగంటి నవల ఇస్తే పదో పేజీలో వదిలేస్తాడు. వాడి ఆలోచనకు తగినంత బరువైన విషయం, వాడి తెలుగుకు తగినంత తేలిక వాక్యం ఉన్న చిన్న పుస్తకాలు కావాలి. ఇది రచయితలకూ ప్రచురణకర్తలకూ చెప్పవలసిన మాట. అవి వచ్చేలోగా గట్టిగా చదివి వినిపించడం ఒక దారి. వారానికో గంట ఆ పెద్ద బల్ల దగ్గర ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినాలి. కంటికి అందని తెలుగు చెవికి అందుతుంది.

గ్రంథాలయం పనుల్లో కొన్ని కుర్రవాళ్ళకే అప్పజెప్పమంటుంది రచయిత్రి. కుర్రవాళ్ళకు గ్రంథాలయం అప్పగించడం ఏమిటని అడిగేవాళ్ళకు ఈ పుస్తకం ఆరో అధ్యాయం చదవమని చెబుతాను, ఆ పైన మన చరిత్ర గుర్తు చేస్తాను. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది ఒక యువజన సంఘం చేతుల్లో. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి పునాదిరాయి వేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు నేటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైనప్పుడు దాని వెనక నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు గారికి పాతికేళ్ళు కూడా నిండలేదు. 1914లో విజయవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన నాటికి అయ్యంకి వెంకటరమణయ్య గారికి ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇళ్ళలో వంటపని చేసి, హోటల్లో సర్వర్‌గా పనిచేసి, చదువు తనకు తానే సంపాదించుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు సంచిలో మోసుకుని ఊరూరా అమ్మినప్పుడు ఆయనకు ఇరవై రెండు మూడేళ్ళే. మన గ్రంథాలయోద్యమాన్ని మనం తాతల ఫొటోలుగా గోడకు తగిలించుకున్నాం. వాళ్ళు ఆ పని చేసినప్పుడు తాతలు కారు.

అందుకే పదిహేనేళ్ళ పిల్లలకు సాయంత్రం ఒక గంట ఇష్యూ కౌంటరు అప్పజెప్పమన్న సూచన నాకు సాహసంగా అనిపించదు, సంప్రదాయంగానే అనిపిస్తుంది. పుస్తకం మీద తేదీ ముద్ర వేసే అధికారం చేతికొచ్చిన పిల్లవాడు ఆ పుస్తకం అట్ట తిప్పి చూడక మానడు. లిఖిత పత్రిక మళ్ళీ మొదలుపెట్టమంది, అదీ బాగుంది. నెలకో సంచిక, చేత్తో రాసి, బొమ్మలు వేసి, కుట్టి, ఆ బల్ల మీదే పెట్టాలి. ఏటా కొనే పుస్తకాల్లో కొంత భాగం ఆ పిల్లలే కూర్చుని ఎంచుకోవాలన్న మాట మాత్రం మన సంస్థలకు అంత సులభంగా రుచించదు. రుచించేదాకా అడుగుతూనే ఉండాలి.

పోటీ పరీక్షల వాళ్ళ విషయంలో మా ఇద్దరికీ సగమే పొత్తు కుదిరింది. వాళ్ళకు పైఅంతస్తు ఇచ్చి, వేరే మెట్లు పెట్టి, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా తెరవమని రాసింది. వాళ్ళ అవసరం నిజమైనది, ఇంట్లో ఒకే గదిలో ఐదుగురు ఉండేచోట చదువుకోవడానికి పేటలో ఇంకో చోటు లేదు. ప్రైవేటు స్టడీ హాళ్ళకు నెలనెలా కట్టలేని బిడ్డలు వాళ్ళు. కానీ మెట్లు పూర్తిగా వేరైతే పైవాళ్ళు కిందవాళ్ళకు ఎప్పటికీ కనబడరు. పదో తరగతి పిల్లకు లెక్కలో సందేహం వస్తే పేటలో అందుబాటులో ఉన్న అక్క ఆ పైనే ఉంది. గ్రూప్-2 కోసం తెలంగాణ చరిత్రో ఆంధ్రుల చరిత్రో వల్లెవేస్తున్న అన్నకు సురవరం ప్రతాపరెడ్డి పుస్తకం కింద అలమరలో ఉందని తెలిసేది కిందికి దిగితేనే. మెట్లు పెద్ద బల్ల పక్క నుంచే పైకి పోవాలని నా కోరిక. రాకపోకల సద్దు కొంచెం ఉంటుంది. ఉండనివ్వండి. పదిహేనేళ్ళవాళ్ళు ఇరవై నాలుగేళ్ళవాళ్ళను రోజూ దగ్గర నుంచి చూడాలి; ఆ కష్టం ఏమిటో, దాని పక్కన పుస్తకానికి చోటుందో లేదో వాళ్ళకు తెలియాలి.

వేళల పట్టిక సరిగ్గా వేసింది. పొద్దున కొంచెంసేపు, సాయంత్రం కొంచెంసేపు తెరిచి శుక్రవారం మూసే పాత పద్ధతి ఉద్యోగుల కాలానికి కుదిరినది. ట్యూషన్ నుంచి ఏడింటికి బయటపడే తొమ్మిదో తరగతి పిల్లకు ఆదివారం పొద్దంతా తెరిచి ఉంటే తప్ప వేరే దారి లేదు. పాఠకుడు ఎప్పుడు ఎక్కడ ఉంటాడో అక్కడికి పుస్తకం వెళ్ళాలన్న జ్ఞానం మనవాళ్ళకు ఎప్పుడో ఉంది. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా డెల్టా కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. పడవ నడిపిన జాతికి ఆదివారం పొద్దంతా తలుపు తెరిచి ఉంచడం కష్టమా?

పొరుగు రాష్ట్రాల ఉదాహరణలు కొన్ని ఇచ్చింది. కేరళ గ్రంథశాలల్లో బాలవేదికలు, కర్ణాటకలో గ్రామపంచాయతీ గ్రంథాలయాలు పిల్లలకు రుసుము లేకుండా సభ్యత్వం ఇవ్వడం. ఇవి చదివి మనవాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు, నేర్చుకుంటే చాలు. సభ్యత్వానికి డిపాజిట్ కట్టలేక, తండ్రి సంతకం దొరక్క ఆగిపోయిన పిల్లల గురించి ఆమె రాసిన పేరా మన అధికారులు తప్పక చదవాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. మన చట్టంలోనే ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పేటలో ప్రతి ఇంటివారూ కడుతున్నారు. వసూలైన ఆ పైసలు మునిసిపాలిటీల నుంచి, పంచాయతీల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు వేళకు చేరడం లేదన్నది అందరికీ తెలిసిన సంగతే. మీ పన్ను రసీదులో ఆ అంకె వెతకండి, మీ వార్డు సభ్యుణ్ణి అడగండి అని రచయిత్రి చివరి అధ్యాయంలో రాసింది. ఎవరినీ దూషించకుండా, ఎవరినీ వదలకుండా రాసింది. వార్డు సభ్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతిలో పట్టుకుపోవడానికి వీలుగా అంచనాల పట్టికను, పటాన్ని విడి కాగితాలుగా వెనక జతచేసింది. వాటిని చింపి వాడుకోవచ్చని అచ్చులోనే రాయించడం నాకు ఎంతో నచ్చింది.

రెండో ముద్రణకు రెండు కోరికలు. మొదటిది, పైన చెప్పినట్టు, నడిమి వయసుకు పనికొచ్చే తెలుగు పుస్తకాల జాబితా ఒకటి, పిల్లలచేతనే పరీక్ష చేయించి చేర్చాలి. రెండోది, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లవాడికి వాలుదారి గీసింది గానీ, చూపు తక్కువైన పిల్లల కోసం పెద్ద అక్షరాల పుస్తకాల గురించి, విని చదువుకునే పరికరాల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టింది. దానికి అధ్యాయం కావాలి. నేను పనిచేసిన రోజుల్లో పోగుచేసుకున్న కాగితాలు కొన్ని ఉన్నాయి. ఎప్పుడు వచ్చినా తీసుకుపొమ్మని ఈ అమ్మాయికి చెప్పాను.